ఎగరని అధ్యక్షుడు

టైటస్ మాస్టారికి ఎత్తు పడదు. ఇంట్లో బల్బు మార్చాల్సి వస్తే స్టూలు గట్టిగా పట్టుకునేది ఆయన, స్టూలెక్కేది భార్య సిల్వియా. బొర్రా గుహలు చూద్దామని చుట్టాలు బయల్దేరదీస్తే, కిందికి దిగే మెట్లు చూసి, లోపల గాలి ఒంటికి మంచిది కాదని చెప్పి టిక్కెట్ల గది పక్కనే కూర్చుండిపోయిన ఘనుడు. అలాంటి మనిషి అరకులోయలో విమానాలు ఎగరేసే క్లబ్బు పెట్టారు. పెట్టి ఊరుకోలేదు, దానికి అధ్యక్షులు కూడా అయ్యారు.

ఎందుకయ్యా అంటే దానికో కారణముంది. లెక్కల మాస్టారుగా రిటైరైన మర్నాడే సిల్వియా ఆయన చేతిలో కూరల సంచీ పెట్టింది. పదవి లేని మగాడి చేతికి సంచీ తప్పదని ఆయనకి అర్థమైపోయింది. పదవి కోసం ఊరంతా గాలించారు. చర్చి కమిటీలో ఖాళీ లేదు. వాకర్స్ క్లబ్బుకి అధ్యక్షుడు కావాలంటే నడవాలి. కాఫీ రైతుల సంఘంలో చేరాలంటే ఒక్క కాఫీ మొక్కయినా ఉండాలి. చివరికి ఎవరూ పోటీకి రాని చోటు ఆకాశం ఒక్కటే కనిపించింది.

"అరకు గగనవిహార మిత్రమండలి" అని పేరు పెట్టారు. సిల్వియా దాన్ని "గాలి సంఘం" అంది. ఊళ్ళో ఆ పేరే నిలిచింది.

విమానమంటే పెద్దదేమీ కాదు. స్కూటరుకి గుడారం కట్టి, వెనకాల ఓ పెద్ద ఫ్యాను బిగించినట్టుంటుంది. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో ఒక్క మనిషి. తలుపుల్లేవు, గోడల్లేవు, మొహమాటానికైనా ఓ కిటికీ లేదు. అది యోనా సొంత విమానం. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన యోనా, ఊరవతల రాగి, వలిసె చేల పక్కనున్న మెట్టలో దాన్ని దింపి, ఎగిరేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు.

"దీన్నేటంటారండీ?" అనడిగింది సిల్వియా మొదటిసారి చూసినప్పుడు.

"అల్ట్రాలైట్. అంటే మరీ తేలికన్నమాట."

"ఓహో. మీ అధ్యక్ష పదవిలాగ."

సిల్వియా ఏజెన్సీ ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సూదైనా, మాటైనా ముందు చెప్పి గుచ్చే అలవాటు ఆవిడకి లేదు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మాస్టారు తోలు కోటు తొడుక్కుని, కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎగదోసుకుని, విమానం పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. విమానం రెక్క మీద చెయ్యి వేసే తీరు చూస్తే, ఇప్పుడే హిమాలయాలు దాటి వచ్చారేమో అనిపించేది. ఎవరైనా "మీరెప్పుడు ఎగుర్తారు మాస్టారూ?" అంటే మాత్రం కొండలకేసి చూసి ఓ పెద్ద నిట్టూర్పు విడిచేవారు.

"నాదేటుంది? ఈపాటికి సాలూరు దాకా ఎగిరొచ్చీవాణ్ణి. మా ఆవిడే ఒప్పుకోదు. ఇంజను చప్పుడు వింటే చాలు, గుండె దడ. రాత్రంతా ఏడుస్తాది. ఆడమనిషి కదా, ఏటి చేస్తాం!"

ఆ ఆడమనిషి వానలకి పొంగే గెడ్డలు దాటి, జీపు పోలేని గూడేలకి నడిచివెళ్ళి పురుళ్ళు పోసిందని ఊరంతటికీ తెలుసు. అయినా క్లబ్బులో ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు. అధ్యక్షుడు ఎగరనంత కాలం తమని ఎగరమనే దిక్కుండదని వాళ్ళ ధీమా.

ఆ సభ్యుల సంగతి కూడా చెప్పుకోవాలి. గణపతిరావుకి లాడ్జి ఉంది. విమానం పక్కన దిగిన ఫొటోని లాడ్జి గుమ్మంలో తగిలించుకోవడానికి ఆయన క్లబ్బులో చేరాడు. ఎగరమంటే చెవి పోటనేవాడు. సర్వేశ్వరరావు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఏ మాటకైనా "దీనికి నాకొక అభ్యంతరముంది" అనకుండా ఉండలేడు. అందుకని అభ్యంతరాల సర్వేశ్వరరావన్నారు. ఆయనకి గాలి మీద అభ్యంతరం. గాలి లేనప్పుడు, గాలి లేకపోవడం మీద. బొంగులో చికెన్ అమ్మే రత్నాలుకి ఎప్పుడూ పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూ ఉండేది. మిగతావాళ్ళు వీళ్ళ వెనక వరసలో నిలబడి తలాడించే రకం. అందరూ ఠంచనుగా వచ్చేవారు, విమానం చుట్టూ ఓ ప్రదక్షిణం చేసేవారు, టీ తాగి వెళ్ళిపోయేవారు. గగనవిహార మిత్రులు నేల వదిలింది లేదు.

ఒక ఆదివారం యోనా మాస్టారిని పక్కకి పిలిచాడు.

"వందనాలు మాస్టారూ. ఒక మాట. ఎగిరీవోళ్ళు లేకపోతే నాకిక్కడేటి పని? వైజాగులో వేరే క్లబ్బోళ్ళు పిలుస్తన్నారు. ఈ నెల చూసి బండి పట్టుకెళ్ళిపోతాను."

మాస్టారి కళ్ళ ముందు కూరల సంచీ ఆడింది. విమానం లేకపోతే క్లబ్బు లేదు. క్లబ్బు లేకపోతే ఆయన ఉత్త టైటస్.

వెంటనే మీటింగు పెట్టారు. సభ్యుల్ని పనిలోకి దించాలంటే పదవులివ్వాలన్నది ఆయన సిద్ధాంతం. గణపతిరావుని ప్రధాన కార్యదర్శి (మేఘాలు) చేశారు. సర్వేశ్వరరావుని ఉపాధ్యక్షుడు (గాలి దిశ) చేశారు. విమానం పరిగెత్తే దారిలో మోకాలెత్తు గడ్డి పెరిగిందని రత్నాలుని సంయుక్త కార్యదర్శి (గడ్డి) చేశారు.

"సంతోసమండి," అంది రత్నాలు. "మరి గడ్డి పీకడానికి నా కింద ఎవుర్నేసినారు?"

ఆవిడ కింద ఒకర్ని వేశారు. అతను తన కింద ఇంకొకర్ని అడిగాడు. సాయంత్రానికి క్లబ్బులో మామూలు సభ్యుడన్నవాడు మిగల్లేదు. గడ్డి మాత్రం మిగిలింది. పైగా ఇప్పుడు దానికి ఇంతమంది అధికారులున్నారన్న ధైర్యంతో ఇంకాస్త ఏపుగా పెరిగింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మీటింగు పెట్టి, బల్ల గుద్ది, "వచ్చే ఆదివారం ప్రతి సభ్యుడూ ఎగరాల్సిందే! ఎగరనివాళ్ళని క్లబ్బులోంచి తీసేస్తాం!" అన్నారు.

"దీనికి నాకొక అభ్యంతరముంది," అన్నాడు సర్వేశ్వరరావు లేచి. "ముందు అధ్యక్షుడెగరాలి."

మాస్టారి గొంతు అప్పటికే ఉపన్యాసం ఊపులో ఉంది. బుర్ర అందుకునేలోపలే అది "ఎగురుతాను!" అనేసింది. చప్పట్లు మోగాయి. ఆ మాట అన్నదెవరా అని మాస్టారే ఓసారి చుట్టూ చూసుకున్నారు.

"మరి సిస్టరమ్మ ఒప్పుకుంటాదేటండి?" అనడిగింది రత్నాలు అనుమానంగా.

మునిగేవాడికి దుంగ దొరికినట్టు మాస్టారి మొహం వికసించింది. "అదే కదా బాధ! ఆమె పరిగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని వద్దని ఏడిస్తే మాత్రం నేనేటీ చెయ్యలేను. కట్టుకున్నదాన్ని ఏడిపించి ఎగరలేను కదా!"

పథకం అక్కడే తయారైపోయింది. ఇప్పుడు కావాల్సిందల్లా సిల్వియా భయపడటం. ఆ పని ఆయన ఆ రోజు భోజనాల దగ్గరే మొదలుపెట్టారు.

"సిల్వియా, ఆదివారం నేను ఎగుర్తన్నాను."

"అలాగే. కాస్త చారెయ్యనా?"

"ఈ కొండల్లో గాలి ఎప్పుడెటు తిరుగుతాదో ఎవరికీ తెల్దు."

"మఫ్లరు కట్టుకుని వెళ్ళండి."

"సుడిగాలి పట్టుకుందంటే ఆ బండి బొంగరంలాగ తిరిగిపోద్దట."

"అయితే ఆ పూట ఇడ్లీ తినకండి. వెనక్కొచ్చీస్తాయి."

మాస్టారు ముద్ద కింద పెట్టేశారు. గొంతులో జీర తెచ్చుకున్నారు. "ఒకవేళ నాకేటైనా అయితే..."

"ఆ, బాగా గుర్తు చేశారు. గ్యాసు పుస్తకం ఎక్కడెట్టారో చెప్పీసి వెళ్ళండి."

"నీకు బెంగగా లేదా?"

"ఎందుకు లేదూ? ఆ తోలు కోటు ఉతకాలా, ఎండలో వెయ్యాలా అని రోజూ అదే బెంగ."

మర్నాడు ఆయన ఇంకో దారి తొక్కారు. గోడ మీదున్న పెళ్ళి ఫొటో దించి, ఒళ్ళో పెట్టుకుని, తుడుస్తూ కూర్చున్నారు. మధ్యమధ్య కళ్ళు కూడా తుడుచుకున్నారు. సిల్వియా వచ్చి చూసింది. "ఎన్నాళ్ళకి దుమ్ము దులిపారండీ! ఎలాగూ తడిగుడ్డ చేతిలో ఉంది కదా, ఆ బీరువా కూడా తుడిచీయండి," అంది. మాస్టారు బీరువా తుడిచారు. ఆ పైన టీవీ కూడా.

శనివారం నాటికి ఇంట్లో వస్తువులన్నీ తళతళలాడుతున్నాయి. సిల్వియా కంట్లో మాత్రం నీటిచుక్క లేదు.

ఆ మధ్యాహ్నం మాస్టారు కిటికీలోంచి చూస్తే గణపతిరావు, సర్వేశ్వరరావు, రత్నాలు కట్టగట్టుకుని వస్తున్నారు. గడ్డి పీకడానికి ఏనాడూ కలిసిరాని ముగ్గురూ ఒక్కటిగా రావడం చూసి ఆయన గుండె జారిపోయింది. తనని ఎగరనిమ్మని సిల్వియాని బతిమాలడానికే వస్తున్నారనుకుని, పడగ్గదిలోకి దూరి తలుపు సందున చెవి పెట్టారు.

"సిస్టరమ్మా, నీకు దండమెడతాను," అంది రత్నాలు గుమ్మంలోంచే. "మాస్టార్ని ఎగరనీకు తల్లీ! ఆయనెగిరితే మేమూ ఎగరాలంట. నాకు హోటలున్నాది, ముసిలత్తున్నాది. నానేటి సేత్తాను, సెప్పు!"

పడగ్గదిలో మాస్టారు చేతులు జోడించి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు.

"మీరు శ్రమపడక్కర్లేదండి," అన్నాడు గణపతిరావు. "మీరెలాగూ రాత్రుళ్ళు ఏడుస్తారంట కదా. ఆ ఏడుపేదో రేపు పగటిపూట, గ్రౌండులో, అందరి ముందూ ఏడిచీసేరంటే సరిపోద్ది."

"నేను ఏడుస్తానా?" అంది సిల్వియా. "ఎవరన్నారు?"

"మాస్టారే! క్లబ్బు పెట్టిన కాడ్నుంచీ చెప్తన్నారు. ఇంజను చప్పుడికే మీకు గుండె దడంట. మీ మూలాన్నే ఆయన ఆగిపోయారు గానీ, లేకపోతే ఈపాటికి సాలూరు..."

వంటింట్లో గరిటె కింద పెట్టిన చప్పుడైంది. మాస్టారు తలుపు దగ్గర్నుంచి మెల్లిగా బీరువా వెనక్కి జరిగారు.

"దీనికి నాకొక అభ్యంతరముంది," అన్నాడు సర్వేశ్వరరావు. "ఉత్త ఏడుపు సరిపోదు. మూర్ఛపోతే బాగుంటాది."

సిల్వియా కాసేపు ఆలోచించినట్టుంది. "రేపు వస్తాను," అంది చివరికి. "నేను చెప్పాల్సింది అక్కడే, అందరి ముందూ చెప్తాను."

ముగ్గురూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. బీరువా వెనక మాస్టారు కూడా నవ్వుకున్నారు. తెలివున్న మనిషైతే ఆవిడ గొంతు విని పార్వతీపురం బస్సెక్కేసి ఉండేవాడు. ఈయన మాత్రం ఆ రాత్రి హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయారు.

ఆదివారం చర్చి వదిలాక ఊళ్ళో సగం జనం మెట్ట మీదకి చేరారు. చుట్టూ వలిసె పూలు పచ్చగా విరగబూశాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏ పొగమంచూ తనని ఆదుకోదని తెలిసినా మాస్టారు కంగారు పడలేదు. తోలు కోటు, మఫ్లరు, చేతికి తొడుగులు, నుదుటి మీద కళ్ళద్దాలు. పెళ్ళికొడుకు పల్లకీ ఎక్కినట్టు విమానం వెనక సీట్లో కూర్చుని, యోనా చేత బెల్టు పెట్టించుకుని, జనం వైపు చెయ్యి ఊపారు. సిల్వియా ముందు వరసలోనే ఉంది.

"సిల్వియా! నన్నాపకు!" అని గర్జించారు.

"ఆపనండి," అంది సిల్వియా.

మాస్టారు ఆవిడ మాట సరిగ్గా వినిపించలేదేమోనని ఇంకాస్త గొంతు పెంచారు. "నువ్వెంత ఏడ్చినా సరే! నా నిర్ణయం మారదు!"

"ఏడవట్లేదండి."

సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. గణపతిరావు వెనక నుంచి "మేడమ్, మూర్ఛ, మూర్ఛ" అని గొణిగాడు. సిల్వియా వినిపించుకోలేదు.

యోనా ముందు సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. విమానమంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అందులో విమానం వణుకెంతో, మాస్టారి వణుకెంతో చెప్పడం కష్టం.

"ఆగు, ఆగు! ప్రార్థన చెయ్యలేదు!" అని అరిచారాయన. యోనా ఇంజను ఆపాడు. ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అనడం లేదని జనమే ఆమెన్ అన్నారు.

"కడుపులో ఎలాగో ఉంది," అన్నారు. సిల్వియా సంచీలోంచి మాత్ర తీసి ఇచ్చింది.

"బీపీ పెరిగినట్టుంది." సిల్వియా బీపీ మిషను కూడా తెచ్చింది. అందరి ముందూ చెయ్యికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసింది. "దేవుడి దయవల్ల గుర్రంలాగ ఉన్నారు. బేగి వెళ్ళి బేగి రండి," అంది. మళ్ళీ ఇంజను రొద మొదలైంది.

ఇంక దారి లేదు. మాస్టారు సీట్లోంచి వంగి, భార్య చెయ్యి పట్టుకుని, ఆ రొదలో ఆవిడ చెవిలో అరిచారు. "సిల్వియా! వద్దను! ఒక్కసారి వద్దనీ!"

"ఎందుకండీ?"

"భయం!"

"ఎవరికి? నాకా?"

ఇదేదో గొడవలాగుంది, ఏమంటున్నారో విందామని సరిగ్గా అప్పుడే యోనా ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో, మెట్ట అవతల మేకలు కూడా తలెత్తేలా, మాస్టారి కేక వినిపించింది.

"నాకే! నాకే భయం! స్టూలెక్కినా భయమే!"

గణపతిరావు మొహం చింకి చేటంత అయింది. "అయితే ఎవరూ ఎగరక్కర్లేదు కదా!" అని చప్పట్లు కొట్టాడు.

సిల్వియా అతని వైపు తిరిగింది. చప్పట్లు ఆగిపోయాయి.

"మీకందరికీ ముందే తెలుసు కదా?" అంది. "ఆయన నా పేరు చెప్పుకున్నారు. మీరు ఆయన పేరు చెప్పుకున్నారు. ఇంతమంది మగాళ్ళ భయాలు మోయడానికి మీకు నా గుండొక్కటే దొరికిందా? భయమేస్తే భయమనండి, తప్పేటుంది? ఆస్పత్రిలో రోజూ చూసేదాన్ని, సూదికి ఏడవని మగాడు లేడు. కానీ ఒక్కడూ పక్కింటావిడికి భయమని చెప్పలేదు." తర్వాత మొగుడి వైపు చూసింది. "దిగండి. ఆ కోటు ఇలాగివ్వండి."

మాస్టారు దిగారు. కోటు ఇచ్చారు. మఫ్లరు, తొడుగులు, కళ్ళద్దాలు ఒక్కొక్కటిగా ఇచ్చారు. అవన్నీ పోయాక మిగిలిన మనిషి చాలా చిన్నగా కనిపించాడు.

సిల్వియా చీర కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, కోటు తొడుక్కుని, సీట్లో కూర్చుంది. బెల్టు కొక్కెం ఆవిడకి మూడోసారికి గానీ పడలేదు. అది మాస్టారొక్కరే చూశారు. విమానం గడ్డిలో గెంతుకుంటూ పరిగెత్తి, చివర్లో ఒక్క కుదుపుతో నేల వదిలేసింది.

అది కొండవాలు వైపు తిరిగి, పక్కకి వాలి, సీతాకోకచిలుకంతైంది. అప్పుడు మాస్టారికి ఏమైందో ఏమో, చేతులు పైకెత్తి దాని వెనక పరుగందుకున్నారు. "వద్దు! సిల్వియా, వద్దు! దిగిపో! యోనా, దింపీరా బాబూ!" అంటూ వలిసె చేనులో పడి లేచి, మళ్ళీ పరిగెత్తారు. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఓలమ్మో, ఇంజను సప్పుడికి ఏడిసీది ఈయనా?" అంది రత్నాలు.

జనం ఘొల్లుమన్నారు. మాస్టారికి ఆ నవ్వు వినిపించలేదు. విమానం కొండల మీద ఓ చుట్టు తిరిగి, మెల్లిగా వచ్చి గడ్డిలో ఆగేదాకా ఆయన చేనులోనే నిలబడిపోయారు, మోకాళ్ళ దాకా పసుపు పూసుకుని.

సిల్వియా జుట్టంతా రేగిపోయి, నవ్వుతూ దిగింది. "రైలు రోకలిబండ పురుగులాగ పాకుతంది రత్నాలూ! కాఫీ తోటలన్నీ దుప్పటి పరిచినట్టున్నాయి. మొదట్లో నాకూ కాళ్ళు వణికాయి. తర్వాత అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను."

"నాకూ వణుకుతన్నాయి," అంది రత్నాలు. "అయినా ఎక్కుతాను. నా హోటలు పైనుంచి ఎలాగుంటాదో సూడాల."

ఆవిడ ఎక్కాక గణపతిరావుకి చెవిపోటు నెమ్మదించింది. సర్వేశ్వరరావు కళ్ళు మూసుకుని వెళ్ళి, మూసుకునే తిరిగొచ్చి, దృశ్యం అద్భుతంగా ఉందన్నాడు. మధ్యాహ్నానికి విమానం దగ్గర వరస పెరిగింది. గడ్డి అడ్డమొస్తోందని వరసలో వాళ్ళే కొడవళ్ళు తెచ్చి, ఒకరి కింద ఒకర్ని వెయ్యకుండానే కోసేశారు. వైజాగుకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేశానన్నాడు యోనా.

మాస్టారు గొంతు సవరించుకుని ముందుకొచ్చారు. పూల రజను దులుపుకున్నారు. "నైతిక బాధ్యత వహించి, నేను అధ్యక్ష పదవికి రాజీనామా చేస్తున్నాను," అని చెప్పి ఆగారు. అలా ఆగడం ఆయన లెక్క ప్రకారమే. ఇప్పుడు ఎవరో ఒకరు వద్దు మాస్టారూ అనాలి.

ఎవరూ అనలేదు. యోనా పెట్రోలు పోసుకుంటున్నాడు. ఆశ చావక మాస్టారు సర్వేశ్వరరావు వైపు చూశారు. జీవితంలో ఏ ఒక్క విషయాన్నీ అభ్యంతరం చెప్పకుండా వదలని మనిషి.

సర్వేశ్వరరావు లేచాడు. "దీనికి నాకొక..." అని అలవాటు కొద్దీ మొదలెట్టి, సిల్వియాని చూసి, "నాకే అభ్యంతరమూ లేదు," అని కూర్చున్నాడు. ఆ ఊపులోనే సిల్వియాని అధ్యక్షురాల్ని చేసేశారు.

ఇంటికి బయల్దేరేటప్పుడు వాళ్ళ స్కూటరు తాళం సిల్వియా దగ్గరే ఉంది. మాస్టారు ఏమీ అడగకుండా వెనక కూర్చున్నారు. మెట్ట దిగే దారిలో స్కూటరు జోరందుకుంది. ఆయన రెండు చేతులతో ఆవిడ భుజాలు పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"నెమ్మదిగా పోనీ సిల్వియా."

"చక్రాలు రెండూ నేల మీదే ఉన్నాయండీ," అంది ఆవిడ.

మాస్టారు ఒక కన్ను తెరిచి, వంగి, నిజమేనా అని చూసుకున్నారు.